దిగువ తుంగూస్కా నది: లీనాకు అంత దగ్గరగా వచ్చి యెనిసెయ్ వైపు ఎందుకు తిరిగింది?

పటాలరావు:

సభ్యులకు నమస్కారం. మధ్య సైబీరియాలోని దిగువ తుంగూస్కా నది గురించి తెలుగులో కాస్త వివరంగా చర్చించుకుంటే బాగుంటుందని ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను. దీని పొడవు 2,989 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం సుమారు 4,73,000 చదరపు కిలోమీటర్లు. అంటే పొడవులో మన గోదావరికి రెండింతలు, పరీవాహకంలో ఒకటిన్నర రెట్లు ఉన్న నది ఇది. అయినా యెనిసెయ్‌కి ఉపనది కావడం వల్ల పాఠ్యపుస్తకాలలో దీని పేరు కూడా కనిపించదు. ఇర్కుత్స్క్ ప్రాంతంలో పుట్టి, చాలా దూరం ఉత్తరానికి పారి, ఆపైన వాయవ్యానికీ పడమరకూ మళ్లి, తురుఖాన్స్క్ దగ్గర యెనిసెయ్‌లో కలుస్తుంది.

నా సందేహం దీని పైభాగం గురించి. కిరెన్స్క్ పట్టణం పరిసరాల్లో ఈ నదికీ లీనా నదికీ మధ్య దూరం దాదాపు 15 కిలోమీటర్లే. పక్కనే అంత పెద్ద నది ఉండగా దానిలో కలవకుండా, ఇంకా రెండు వేల కిలోమీటర్లకు పైగా టైగా అడవుల మధ్య తిరిగి వేరే నదిలో కలవడానికి కారణమేమిటి? తెలిసినవారు వివరించగలరు.

కాటేరు రాయి:

పటాలరావు గారూ, పటం మీద 15 కిలోమీటర్లు చాలా తక్కువగా కనిపిస్తాయి గానీ, నీటికి కావలసింది దూరం కాదు, వాలు. ఆ రెండు లోయల మధ్య ఒక ఎత్తైన గట్టు ఉంది. ఇక్కడ విశేషమేమిటంటే లీనా మట్టం తుంగూస్కా మట్టం కంటే కిందనే ఉంది. కాబట్టి ఆ గట్టు లేకపోయి ఉంటే మీరు అడిగినట్టుగానే తుంగూస్కా లీనాలోకి దూకేది. భూగర్భ శాస్త్రంలో నదీ అపహరణ అనే ప్రక్రియ ఒకటుంది. తక్కువ మట్టంలో పారే నది ఉపనదులు తలవైపు కోసుకుంటూ వెళ్లి, పై మట్టంలో ఉన్న నదిని తమవైపు లాక్కోవడమే అది. ఇక్కడ ఆ పని జరగలేదు. ఈ నది పైభాగం పారేది కేంబ్రియన్, ఆర్డోవిషియన్ కాలాల అవక్షేప శిలల మీద. అక్కడ లోయ వెడల్పుగానూ వాలు తక్కువగానూ ఉంటుంది. ప్రవాహం నెమ్మది.

మనుషులు మాత్రం ఆ గట్టును తేలికగానే దాటారు. పదిహేడో శతాబ్దంలో రష్యన్ బొచ్చు వ్యాపారులు యెనిసెయ్ నుంచి దిగువ తుంగూస్కా మీదుగా ఎదురెక్కి వచ్చి, చెచుయ్‌స్క్ దగ్గర పడవలనూ సరుకులనూ నేల మీద లాగించుకొని లీనాలో దింపుకొనేవారు. 1620 నుంచి 1623 వరకు పేందా అనే వేటగాడు తన మనుషులతో ఈ దారినే లీనాను చేరాడని ఒక కథనం ఉంది. అక్కడి ఆదివాసులైన ఎవెంకీలు నదికి అడ్డంగా దుంగలు వేసి అతని దారి ఆపారని కూడా ఆ కథనమే చెబుతుంది. అది శతాబ్దం తరువాత మ్యుల్లర్, గ్మెలిన్ వంటి పండితులు జనం నోట విని రాసుకున్నది. అందువల్ల ఇందులోని ప్రతి వివరాన్నీ చరిత్రగా తీసుకోనక్కరలేదని నా అభిప్రాయం. దారి మాత్రం నిజమైనదే.

చల్లగాలి:

1908లో ఆకాశంలో పెద్ద పేలుడు జరిగి కోట్లాది చెట్లు నేలకూలింది ఈ నది ఒడ్డునే కదా? ఆ విషయం కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

భూగోళం మాస్టారు:

కాదండీ. 1908 జూన్ 30న పేలుడు జరిగింది దీనికి దక్షిణాన ఉన్న పొద్‌కామెన్నాయా తుంగూస్కా పరీవాహకంలో. ఆ చోటికి దగ్గరగా ఉన్న ఊరు వనవరా. తుంగూస్కా అనే పేరు మూడు నదులకు వాడుకలో ఉండటం వల్ల ఈ తికమక తరచుగా కలుగుతుంది. అంగారా నది దిగువ భాగాన్ని ఒకప్పుడు ఎగువ తుంగూస్కా అనేవారు. దానికి ఉత్తరాన 1,865 కిలోమీటర్ల పొడవున్న పొద్‌కామెన్నాయా, ఇంకా ఉత్తరాన మనం మాట్లాడుకుంటున్న దిగువ తుంగూస్కా. మూడూ యెనిసెయ్‌కి కుడివైపు నుంచే వచ్చి కలుస్తాయి.

మూడూ కుడివైపునే ఉండటం యాదృచ్ఛికం కాదు. యెనిసెయ్‌కి ఎడమవైపున పశ్చిమ సైబీరియా మైదానం, కుడివైపున మధ్య సైబీరియా పీఠభూమి ఉన్నాయి. మైదానం నుంచి వచ్చే ఉపనదులు చిన్నవి. పీఠభూమిని కోసుకుంటూ వచ్చేవి పెద్దవి. ఆ పీఠభూమి మీద దిగువ తుంగూస్కా మార్గాన్ని స్థూలంగా రెండు భాగాలుగా చూడాలి. ప్రెఓబ్రజెంకా వరకు ఒక నది, ఆ తరువాత ఇంకొక నది అన్నంత తేడా ఉంటుంది. ఆ ఊరు దాటాక లోయ ఇరుకవుతుంది, గట్లు నిట్టనిలువుగా లేస్తాయి. తురా అనే ఊరు దాటి పడమరకు తిరిగిన తరువాత రాళ్ల మధ్య సుడులు తిరిగే జలపాతపు మెట్లు, వాటి కింద పదుల మీటర్ల లోతున్న మడుగులు వరుసగా వస్తాయి. పెద్ద మెట్టు అని అర్థం వచ్చే బల్షోయ్ పరోగ్ సంగమానికి సుమారు 130 కిలోమీటర్ల ఎగువన ఉంది.

పటాలరావు:

మాస్టారికీ కాటేరు రాయి గారికీ కృతజ్ఞతలు. అయితే ఇంత పరీవాహకం ఉన్న నదిలో నీరు ఎంత పారుతుంది? వర్షపాతం తక్కువని చదివాను. ఏడాదిలో ఏడు నెలలు గడ్డకట్టి ఉంటుందట.

క్యూసెక్కులు:

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ నది అంకెలు చూస్తే మావంటి వారికి తల తిరుగుతుంది. బల్షోయ్ పరోగ్ దగ్గర 1938 నుంచి కొలతలు ఉన్నాయి. అక్కడ సగటు ప్రవాహం సెకనుకు 3,400 ఘనపు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మన లెక్కలో 1,20,000 క్యూసెక్కులు. ఈ సగటును చూసి ఎవరైనా ఒక ఆనకట్టకు నమూనా గీస్తే ఆ ఆనకట్ట ఏడాది కూడా నిలవదు. 1959 జూన్ నెల మొత్తానికి వచ్చిన సగటు ప్రవాహమే 30,000 ఘనపు మీటర్లు దాటింది, అంటే పది లక్షల క్యూసెక్కులకు పైమాట. అదే 1969 మార్చిలో నెల సగటు 30 ఘనపు మీటర్లకు కూడా చేరలేదు. వెయ్యి క్యూసెక్కులు! ఒక మోస్తరు కాలువలో వదిలేంత నీరు. కనిష్ఠానికీ గరిష్ఠానికీ వెయ్యి రెట్ల తేడా ఉన్న నదిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

వర్షపాతం తక్కువన్న మాట నిజమే. తురా దగ్గర ఏడాదికి 400 మిల్లీమీటర్లు కూడా పడదు, మన రాయలసీమలోని అనంతపురం కంటే తక్కువ. కానీ అక్టోబరు నుంచి కురిసిన మంచు అంతా కరగకుండా నిలవ ఉండి, మే నెల మధ్య నుంచి కొన్ని వారాలలోనే నీరై నదిలోకి దిగుతుంది. పైగా ఎగువ దక్షిణాన, దిగువ ఉత్తరాన ఉండటం వల్ల పైన మంచు ముందు కరిగి, కింద ఇంకా గడ్డకట్టి ఉన్న నదిని ఢీకొంటుంది. విరిగిన మంచు పలకలు ఇరుకు లోయలో అడ్డుపడితే నీటి మట్టం 20 మీటర్లకు పైగా లేస్తుంది. ఏడు అంతస్తుల మేడ ఎత్తున నీరు లేచే చోట గట్టు మీద ఊరు కట్టుకోవాలంటే ఎంత పైన కట్టుకోవాలో ఆలోచించండి.

చల్లగాలి:

మార్చిలో అంత తక్కువ ఎందుకు? మంచు కింద భూగర్భ జలాలు ఊరుతూ ఉండాలి కదా. మన నదులు కూడా వేసవిలో ఊటల మీదే బతుకుతాయి.

భూగోళం మాస్టారు:

చల్లగాలి గారు అసలైన ప్రశ్న అడిగారు. మన దగ్గర వానాకాలంలో నేల నీటిని పీల్చుకొని వేసవిలో కొంచెం కొంచెంగా నదికి ఇస్తుంది. దిగువ తుంగూస్కా పరీవాహకంలో చాలా భాగం కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. దీన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైన అర మీటరు నుంచి ఒక మీటరు, కొన్ని చోట్ల అంతకంటే కొంచెం ఎక్కువ లోతు మాత్రమే కరుగుతుంది. కరిగిన మంచు నీరు కిందికి ఇంకే అవకాశమే లేదు. సిమెంటు చేసిన మేడ మీద పడ్డ వానలా అది నేరుగా వాగుల్లోకి జారిపోతుంది. చలికాలం వచ్చేసరికి ఆ పైపొర కూడా గడ్డకడుతుంది కాబట్టి నదికి అప్పు ఇచ్చేవారే ఉండరు. చిన్న ఉపనదులు అడుగు దాకా గడ్డకట్టిపోతాయి. మే, జూన్ నెలల వరదకూ మార్చి నెల కరువుకూ మూలం ఈ ఒక్క గడ్డకట్టిన నేలే.

అడవి కూడా దీన్నిబట్టే ఏర్పడింది. పరీవాహకం దక్షిణ భాగంలో పైన్, స్ప్రూస్, సైబీరియా దేవదారు వంటి చెట్లు కలిసి ఉంటాయి. తురా పరిసరాలకు వచ్చేసరికి ప్రధానంగా గ్మెలిన్ లార్చ్ ఒక్కటే మిగులుతుంది. సూదుల వంటి ఆకులున్నా ప్రతి శరదృతువులోనూ పసుపు రంగుకు తిరిగి ఆకులు రాల్చే చెట్టు అది. వేర్లు లోతుకు వెళ్లవు, పక్కలకు పాకుతాయి. తురా దగ్గర క్రాస్నోయార్స్క్ అటవీ పరిశోధన సంస్థ వారు కులింగ్దకాన్ అనే చిన్న వాగు లోయలో చాలా కాలంగా పరిశీలనలు జరుపుతున్నారు. ఒకే వాగుకు రెండు ఒడ్లు. దక్షిణానికి తిరిగిన వాలు మీద ఎండ పడి నేల లోతుగా కరుగుతుంది, చెట్లు ఏపుగా పెరుగుతాయి. ఉత్తరానికి తిరిగిన వాలు మీద మందపాటి నాచు పరుపులా పేరుకొని, దాని కింద నేల చల్లగానే ఉండిపోయి, వందేళ్ల లార్చ్ కూడా మనిషి చేతితో చుట్టి పట్టుకోగలిగినంత సన్నగా ఉంటుంది. ఆ నాచు నుంచీ కుళ్లిన ఆకుల నుంచీ దిగే సేంద్రియ పదార్థం వల్లనే వరద నీరు తేనీటి రంగులో ఉంటుంది.

యెనిసెయ్ ఒడ్డు:

నేను కొన్నేళ్లుగా క్రాస్నోయార్స్క్‌లో ఉంటున్నాను. మాస్టారు గారు చెప్పిన వరద మీద అక్కడి జనం బతుకు ఎలా ఆధారపడుతుందో చెబుతాను. తురాకు ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. నది గడ్డకట్టాక మంచు మీదా అడవి గుండా వేసే చలికాలపు బాటను ఇక్కడ జీమ్నిక్ అంటారు. విమానం ఉంది గానీ డీజిలు, బొగ్గు, సిమెంటు విమానంలో వెళ్లవు కదా. అందుకని జూన్‌లో వరద ఎత్తుగా ఉన్నప్పుడు సరుకు పడవల బిడారు ఒకటి యెనిసెయ్ దిగి, తురుఖాన్స్క్ దగ్గర మలుపు తిరిగి, సుమారు 870 కిలోమీటర్లు ఎదురెక్కి తురా చేరుతుంది. మెట్ల వంటి రాళ్లు నీటిలో మునిగి ఉండేది ఆ రెండు మూడు వారాలే. సరుకు దించడంలో ఆలస్యమైతే నీరు తీసి పడవలు అక్కడే చిక్కుకుంటాయి. తురా ఉన్నది ఉత్తరం నుంచి వచ్చే కొచెచూమ్ ఉపనది కలిసే చోట. 1920లలో ఎవెంకీల కోసం బడి, వైద్యశాల ఉన్న కేంద్రంగా మొదలై, 1930లో ఏర్పడిన ఎవెంకీ స్వయంపాలిత మండలానికి ముఖ్యపట్టణమైంది. 2007లో ఆ మండలాన్ని క్రాస్నోయార్స్క్ ప్రాంతంలో విలీనం చేసి జిల్లాగా మార్చారు. ఆ జిల్లా విస్తీర్ణం 7,60,000 చదరపు కిలోమీటర్లకు పైగా, 2010 జనాభా లెక్కల్లో మనుషులు 16,000 మంది చిల్లర. ఎగువన ఇర్కుత్స్క్ వైపు ఉన్న కతంగా జిల్లా తెలంగాణ కంటే పెద్దది, అక్కడ నాలుగు వేల మంది కూడా లేరు.

పటాలరావు:

ఇంత తక్కువ జనం, ఇంత ఇరుకు లోయ, ఇంత నీరు. ఇక్కడ జలవిద్యుత్ కేంద్రం కట్టాలనే ఆలోచన ఎవరికీ రాలేదా?

క్యూసెక్కులు:

రాకుండా ఎలా ఉంటుందండీ. సోవియట్ కాలంలో తురుఖాన్స్క్ జలవిద్యుత్ కేంద్రం పేరుతో ప్రణాళిక తయారైంది. 1980లలో ఎవెంకీలూ శాస్త్రవేత్తలూ అభ్యంతరం చెప్పారు. తరువాత 2000 దశకం మధ్యలో ఎవెంకీ జలవిద్యుత్ కేంద్రం అన్న కొత్త పేరుతో మళ్లీ బయటకు తీశారు. 8,000 నుంచి 12,000 మెగావాట్ల సామర్థ్యం, దాదాపు 200 మీటర్ల ఎత్తున ఆనకట్ట. కట్టి ఉంటే ప్రపంచంలోని అతి పెద్ద జలాశయాలలో ఒకటి అయ్యేది. ఇంజనీరుగా నాకు ఆ లోయ చూస్తే ఆశ పుట్టడం సహజమే. వెయ్యి రెట్లు మారే ప్రవాహాన్ని సమం చేయాలంటే అంత పెద్ద జలాశయమే కావాలి కూడా. అయితే ఆ విద్యుత్తును వాడుకునేవారు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు.

యెనిసెయ్ ఒడ్డు:

క్యూసెక్కులు గారు విద్యుత్తు వైపు నుంచి చెప్పారు, నేను నేల వైపు నుంచి చెబుతాను. ఆ జలాశయం నిండితే తురా మునిగేది. నది వెంబడి ఉన్న ఎవెంకీ పల్లెలూ, రెయిన్‌డీర్లు మేసే గట్లూ, సేబుల్ అనే బొచ్చు జంతువు వేటకు వెళ్లే దారులూ నీటి పాలయ్యేవి. గడ్డకట్టిన నేల మీద అంత నీరు నిలబెడితే దాని కింద నేల కరిగి గట్లు కూలే ప్రమాదం వేరే. ఇంకొక విషయం కూడా అప్పుడు చర్చకు వచ్చింది. 1970, 80 దశకాలలో భూగర్భ పొరల పరిశీలన కోసం ఎవెంకియాలో నేల కింద కొన్ని అణు పేలుళ్లు జరిపారు. వాటి మిగుళ్లు నీటిలో కలుస్తాయేమోనన్న భయం జనంలో ఉంది. చివరకు ఆ ప్రతిపాదన పక్కన పడింది.

ఆనకట్ట నదిని ఎలా మారుస్తుందో నేను క్రాస్నోయార్స్క్‌లో ప్రతి చలికాలం చూస్తున్నాను. ఊరికి ఎగువన ఆనకట్ట కట్టిన తరువాత లోతు నుంచి వదిలే నీరు చల్లబడక, యెనిసెయ్ చాలా దూరం వరకు గడ్డకట్టడం మానేసింది. మైనస్ 30 డిగ్రీల ఉదయాన వంతెన మీద నిలబడితే నది నుంచి ఆవిరి లేచి రెండో ఒడ్డు కనిపించదు. ఆ తేమ చెట్ల కొమ్మల మీద తెల్లగా పేరుకుంటుంది, కనురెప్పల మీద కూడా. సందర్శకులు ఫొటోలు తీసుకుంటారు. ఊరివాళ్లు ఆ తడి చలిని తిట్టుకుంటారు. దిగువ తుంగూస్కా ఇప్పటికీ తన పద్ధతిలోనే గడ్డకట్టి, తన పద్ధతిలోనే విరుగుతోంది.

కాటేరు రాయి:

ఆనకట్ట విషయంలో నేను యెనిసెయ్ ఒడ్డు గారి పక్షమే. ఇక దిగువ భాగపు ఇరుకు లోయకు కారణమైన రాతి గురించి రెండు మాటలు చెప్పాలి. రాజమండ్రివాణ్ణి కాబట్టి నాకు ఇది ఇష్టమైన విషయం. మా ఊరి పక్కన కాటేరులోనూ గోదావరి అవతల దుద్దుకూరు వైపూ కనిపించే నల్లరాయి దక్కను లావాలకు చెందినది, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటిది. దిగువ తుంగూస్కా కోసుకుంటూ పోయే రాయి కూడా అదే జాతి బసాల్టు గానీ, వయసు 25 కోట్ల సంవత్సరాలు. పెర్మియన్ యుగం చివర సైబీరియాలో లావా ప్రవాహాలు మెట్లు మెట్లుగా పేరుకున్నాయి. భూమి మీద జీవరాశిలో అత్యధిక భాగం నశించిన కాలం అదే. ఉత్తరాన పుతొరానా పీఠభూమిలో ఆ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడి వీవీ సరస్సు నుంచి బయలుదేరే వీవీ నది దక్షిణంగా వచ్చి తుంగూస్కాలో కలుస్తుంది. ఆ సరస్సు ఒడ్డునే రష్యా భౌగోళిక కేంద్రం ఉందని లెక్కకట్టి 1992లో ఒక స్తంభం నాటారు.

ఆ లావా పైకి వచ్చే దారిలో తుంగూస్కా బొగ్గు పొరలను చీల్చుకుంటూ వచ్చింది. ఈ బొగ్గు క్షేత్రం పది లక్షల చదరపు కిలోమీటర్లలో విస్తరించి ఉంది, తవ్వింది మాత్రం అతి స్వల్పం. ద్రవశిల వేడికి కొన్ని చోట్ల బొగ్గు గ్రాఫైటుగా మారిపోయింది. తురాకు దిగువన నది ఒడ్డునే ఉన్న నోగిన్స్క్ అనే ఊరు అలాంటి గ్రాఫైటు గని మీదే బతికింది. గని మూతపడ్డాక ఊరు ఖాళీ అయింది. లావాలోని బొరియల్లో ఐస్‌లాండ్ స్పార్ అనే పారదర్శక కాల్సైటు స్ఫటికాలు దొరుకుతాయి. అద్దంలాంటి ఆ ముక్కను పుస్తకం మీద పెడితే ప్రతి అక్షరమూ రెండుగా కనిపిస్తుంది. వెలుగును అలా రెండు కిరణాలుగా చీల్చే గుణం వల్లనే దృశ్య పరికరాలలో దానికి అంత విలువ.

ఈ లావా ప్రాంతపు విస్తృతిని మొదట గుర్తించినది అలెక్సాందర్ చెకనోవ్‌స్కీ. 1863 పోలిష్ తిరుగుబాటు తరువాత సైబీరియాకు పంపబడిన ప్రవాసి. 1873లో ఆయన ఎగువ నుంచి తురుఖాన్స్క్ వైపు నదిని మొత్తం పటంలోకి ఎక్కించారు. అంతకు నూట యాభై ఏళ్ల ముందు, 1723లో, మెస్సర్‌ష్మిట్ అనే జర్మన్ పండితుడు ఇదే నదిని ఎదురుదిశలో ఎక్కి లీనా వైపు దాటారు. మెట్లున్న నదిలో ఎదురెక్కడం ఎంత కష్టమో పైన యెనిసెయ్ ఒడ్డు గారు చెప్పిన పడవల బిడారును బట్టి ఊహించుకోవచ్చు.

చల్లగాలి:

చమురు, సహజవాయువు కూడా ఉన్నాయని విన్నాను.

కాటేరు రాయి:

ఉన్నాయి, అవి లావా కిందా పక్కలా ఉన్న పాత అవక్షేప శిలలలో. కతంగా జిల్లాలో నేపా నది పరిసరాలలో ఇప్పుడు చమురు తీస్తున్నారు. ఆ శిలలలోనే ఉప్పు పొరలు కూడా ఉన్నాయి. లోతు నుంచి ఊరే ఉప్పునీటి ఊటలు కొన్ని నదిలో కలుస్తాయి. జూన్ వరదలో వాటి జాడ తెలియదు. మార్చిలో నదిలో వెయ్యి క్యూసెక్కులే ఉన్నప్పుడు నీటిలో లవణాల శాతం బాగా పెరుగుతుంది.

పటాలరావు:

చివరగా ఒక్కటి. వాతావరణం వేడెక్కుతోంది కదా, పర్మాఫ్రాస్ట్ కరిగితే ఈ నది ఎలా మారుతుంది?

భూగోళం మాస్టారు:

మారవలసిన మొదటి అంకె మార్చి నెలదే. నేల ఎక్కువ లోతుకు కరిగితే వేసవి నీరు కొంత కిందికి ఇంకి, చలికాలంలో నెమ్మదిగా నదికి చేరుతుంది. సైబీరియాలోని పెద్ద నదులు చాలావాటిలో చలికాలపు ప్రవాహం కొన్ని దశాబ్దాలుగా పెరుగుతున్నట్టు కొలతలు చూపుతున్నాయి. ఇందులో అడవి మంటల పాత్ర కూడా ఉంది. లార్చ్ అడవి కాలినప్పుడు చెట్ల కంటే ముఖ్యంగా నాచు పొర పోతుంది. ఎండను అడ్డుకునే ఆ పొర లేకపోయాక నేల అంతకు ముందుకంటే లోతుగా కరుగుతుంది. మళ్లీ నాచు పేరుకొని నేల పూర్వస్థితికి రావడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. తురా చుట్టూ కాలిన వయసును బట్టి వేరువేరు లోయలను ఎంచుకొని వాగుల నీటిని పోల్చి చూస్తున్నది ఇందుకే. కాలి ఎన్నేళ్లయిందన్న దాన్నిబట్టి నేల ఎంత లోతు కరుగుతోందో, నీటిలో సేంద్రియ కర్బనం ఎంత ఉందో మారుతుంది. ఒక పక్క నాచు, ఒక పక్క మంట. ఈ రెండింటి లెక్క తేలకుండా ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఈ నది రేపటి ప్రవాహాన్ని అంచనా వేయడం కుదరదు.